తమ్ముడు పంపిన ‘ఫ్రెండ్స్’ సీడీ నాకు నచ్చలేదు, వాడికేం చెప్పను?

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ అమెరికన్ టీవీ కామెడీ షో ‘ఫ్రెండ్స్’ పది సీజన్లూ పక్కపక్కన కూర్చుని చూశాం. ఎన్నిసార్లు చూశామో మాకే గుర్తులేదు. ఇప్పుడు వాడు ఉద్యోగానికి వేరే దేశం వెళ్ళాడు. నా పుట్టినరోజుకి, 1995లో వచ్చిన ‘ఫ్రెండ్స్’ పాటల సీడీ ఎక్కడో పాతది వెతికి పట్టుకుని పంపించాడు. సంబరంగా పెట్టాను. టైటిల్ సాంగ్ తప్ప ఒక్క పాటా నాకు తెలిసింది కాదు. ఫీబీ పాడే ‘స్మెల్లీ క్యాట్’ లేదు. రేచల్ కోసం రాస్ రేడియోలో వేయించే పాట లేదు. సీన్‌కీ సీన్‌కీ మధ్య వచ్చే చిన్న చిన్న గిటార్ ముక్కలూ లేవు. పాటల మధ్యలో మాత్రం షోలోని డైలాగులు, జనం నవ్వులు వస్తున్నాయి. బొమ్మ లేకుండా ఆ నవ్వులు వింటుంటే, టీవీ ఆపకుండా ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. సగంలో ఆపేశాను. వాడేమో రోజూ “విన్నావా అక్కా, ఎలా ఉంది?” అని అడుగుతున్నాడు. “సూపర్‌గా ఉందిరా” అనేశాను. అబద్ధం చెప్పానన్న టెన్షన్‌తో ఇప్పుడు టైటిల్ సాంగ్ కూడా హాయిగా వినలేకపోతున్నాను. ఈ ఆల్బమ్‌ని ఇష్టపడే దారి ఏదైనా ఉందా? లేక నాకు సంగీతం వినడమే రాదా?
— ఒక అక్క

సమాధానం:

సంగీతం వినడం రాదేమో అన్న అనుమానం ముందు మనసులోంచి తీసేయండి. సీన్ల మధ్య నాలుగైదు సెకన్లు వినబడి పోయే గిటార్ ముక్క సీడీలో లేదని కనిపెట్టారు మీరు. పది సీజన్లు చూసినవాళ్ళలో కూడా ఆ ముక్కని విడిగా గుర్తుపెట్టుకునేవాళ్ళు తక్కువ. మీ చెవి బాగానే ఉంది. ఆ సీడీలో మీరు వెతికింది ఒకటి, అందులో ఉన్నది ఇంకొకటి, అంతే జరిగింది. నాకూ మొదటిసారి ఇలాగే అయింది. నాలుగో పాట దగ్గర ఆపేసి చాలాకాలం దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడది నాకు ఎంతో ఇష్టమైన ఆల్బమ్. మధ్యలో ఏం మారిందో చెబుతాను. మీకు పనికొస్తుందనే నమ్మకంతోనే చెబుతున్నాను.

ఒకసారి తేదీలు చూడండి. ‘ఫ్రెండ్స్’ అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 1994 సెప్టెంబర్ 22న మొదలై 2004 మే 6న ముగిసింది. మొత్తం 236 ఎపిసోడ్లు. మీ చేతిలో ఉన్న సీడీ వచ్చింది 1995లో. అది తయారయ్యేనాటికి పూర్తయింది మొదటి సీజన్ ఒక్కటే, 24 ఎపిసోడ్లు. ఫీబీ ‘స్మెల్లీ క్యాట్’ పాడింది రెండో సీజన్లో, 1995 నవంబర్‌లో. రాస్ రేడియోకి ఫోన్ చేసి వేయించిన యూటూ బ్యాండ్ వాళ్ళ ‘విత్ ఆర్ వితౌట్ యూ’ వచ్చిందీ అదే నెలలో. మీరు లేవని బాధపడుతున్న ఈ రెండు పాటలూ అప్పటికి షోలోకే రాలేదు. ‘స్మెల్లీ క్యాట్’ కావాలంటే 1999లో ‘ఫ్రెండ్స్ అగైన్’ అనే రెండో ఆల్బమ్ వచ్చింది, అందులో ఉంది. ఈసారి మీ తమ్ముడి పుట్టినరోజుకి మీరు వెతకడానికి అదొక మంచి పని.

మీరు పదేళ్ళ కథని గుండెలో పెట్టుకుని ఆ సీడీ పెట్టారు. దానికి తెలిసింది ఒక్క ఏడాదే. మోనికా, చాండ్లర్ పెళ్ళి చేసుకుంటారని దానికి తెలియదు. రాస్, రేచల్ ఎన్నిసార్లు విడిపోయి ఎన్నిసార్లు కలుస్తారో తెలియదు. రేచల్ ఎయిర్‌పోర్టులో రాస్ కోసం ఎదురుచూస్తూ నిలబడిన చోటు దగ్గర ఆ సీడీకి తెలిసిన కథ ఆగిపోయింది. ఈ సంగతి తట్టినరోజు నుంచి నాకు దాన్ని చూసే తీరే మారిపోయింది. షో జ్ఞాపకాలన్నీ దాచిపెట్టిన పెట్టెలా కాకుండా, కథలోని ఆ ఆరుగురు స్నేహితులు పాతికేళ్ళ వయసులో ఉన్నప్పుడు వాళ్ళింట్లో మోగుతూ ఉండే రేడియోలా వినడం మొదలుపెట్టాను.

మీరూ అలా విని చూడండి. ఊదారంగు గోడల మోనికా ఫ్లాట్. ఎవరో గిన్నెలు సర్దుతున్నారు, ఎవరో సోఫాలో పడుకున్నారు, ఇంకెవరో తలుపు కొట్టకుండా లోపలికి వస్తున్నారు. ఎవరూ పట్టించుకోని ఒక మూల రేడియో మోగుతోంది. 1995లో న్యూయార్క్‌లో ఆ వయసు వాళ్ళ ఇంట్లో ఏ పాటలు మోగుతాయి? ఈ సీడీలో ఉన్నవి చాలావరకు అవే. ఆర్.ఈ.ఎం., ప్రిటెండర్స్, హూటీ అండ్ ద బ్లోఫిష్, బేర్‌నేకెడ్ లేడీస్, అందరూ అప్పటి రేడియోలో తిరుగుతున్నవాళ్ళే. సీన్‌లో వినబడిన పాటల కోసం వెతకడం మానేసి, ఆ మనుషులు వినే పాటల్లా వింటే సీడీ మెల్లిగా తెరుచుకుంటుంది.

నేను అప్పట్లో ఆపేసిన నాలుగో పాటతోనే మొదలుపెడతాను. పాడింది లూ రీడ్. అసలు గొంతెత్తి పాడినట్టే ఉండదు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మొదట విన్నప్పుడు, ఒక కామెడీ షో సీడీలో ఈ పొడి గొంతు ఎందుకా అనిపించింది. ‘ఫ్రెండ్స్’ కథ న్యూయార్క్‌లో జరుగుతుంది కదా, షూటింగ్ మాత్రం కాలిఫోర్నియాలో, బర్‌బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో. వీధి, కాఫీ షాపు, ఫ్లాట్, అన్నీ సెట్లే. లూ రీడ్ మాత్రం సెట్ కాదు. ఆయన బ్రూక్లిన్‌లో పుట్టి, జీవితమంతా న్యూయార్క్ గురించి పాడిన మనిషి. 1989లో ఆ నగరం పేరుతోనే ఒక ఆల్బమ్ చేశారు. షో మొత్తానికి లేని నిజమైన న్యూయార్క్ గాలి ఈ సీడీలో ఆ ఒక్క గొంతులోంచి వస్తుంది. ఈ ముక్క తెలిశాక ఆ పాటని దాటేయడం నావల్ల కాలేదు.

దానికి ముందు పాట ‘గుడ్ ఇంటెన్షన్స్’. పాడినవాళ్ళు టోడ్ ద వెట్ స్ప్రాకెట్. వింత పేరే, దానికో చక్కటి కథ ఉంది. బ్రిటన్‌కి చెందిన మాంటీ పైథాన్ హాస్య బృందం 1980లో ఒక కామెడీ ఆల్బమ్ చేసింది. అందులో ఎరిక్ ఐడిల్ ఒక రాక్ వార్తల స్కిట్ కోసం, ప్రపంచంలో ఏ బ్యాండూ పెట్టుకోదన్న ధీమాతో ఆ పేరు కల్పించారు. కాలిఫోర్నియాలో నలుగురు కుర్రాళ్ళు దాన్నే పెట్టుకున్నారు. అంటే ఒక కామెడీ ఆల్బమ్‌లో పుట్టిన పేరు, పదిహేనేళ్ళ తర్వాత ఇంకో కామెడీ ఆల్బమ్ మీద అచ్చయింది. పాట మాత్రం చాలా మెత్తగా, సాయంత్రం పూట వినేలా ఉంటుంది.

రెండో పాట హూటీ అండ్ ద బ్లోఫిష్ వాళ్ళ ‘ఐ గో బ్లైండ్’. ఈ బ్యాండ్ పేరు మీకు తెలుసు, గుర్తు రావడం లేదంతే. రెండో సీజన్ ఐదో ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి. జీతం బాగా వచ్చే ముగ్గురూ, చేతిలో డబ్బు ఆడని ముగ్గురూ గొడవపడతారు. ఆ గొడవలో టికెట్లు కొన్న కచేరీ ఈ బ్యాండ్‌దే. 1995లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ వీళ్ళదే. అందుకే ఆ టికెట్టు కొనలేకపోవడం జోయీకి, రేచల్‌కి, ఫీబీకి అంత చిన్నతనంగా అనిపిస్తుంది. ఆ ఎపిసోడ్ ఒకసారి చూసి, టీవీ కట్టేసి, ఈ పాట పెట్టండి. లోపలికి వెళ్ళలేక బయట నిలబడినవాళ్ళ మనసు పాటలో వినబడుతుంది. నాకు తెలిసి ఈ సీడీకి ఇంతకంటే మంచి తలుపు లేదు.

‘స్మెల్లీ క్యాట్’ మీద మీకున్న మమకారానికి కూడా ఇక్కడ ఒక దారం ఉంది. కాఫీ షాపులో ఫీబీకి బదులు డబ్బిచ్చి వేరే గాయనిని పెట్టుకుంటారు, చివర్లో ఫీబీయే ఆవిడకి ‘స్మెల్లీ క్యాట్’ నేర్పిస్తుంది, గుర్తుందా? ఆ గాయనిగా వేసింది క్రిస్సీ హైండ్. ప్రిటెండర్స్ బ్యాండ్‌కి గొంతూ ప్రాణమూ ఆవిడే. మీ సీడీలో తొమ్మిదో పాట, ‘ఏంజెల్ ఆఫ్ ద మార్నింగ్’, పాడింది ఆవిడే. ‘స్మెల్లీ క్యాట్’ లేకపోయినా, దాన్ని ఫీబీ దగ్గర నేర్చుకున్న గొంతు మీ దగ్గర ఉంది. ఆ ఎపిసోడ్‌లో ఆవిడ మొహం ఒకసారి చూసి వచ్చి ఈ పాట వినండి.

బేర్‌నేకెడ్ లేడీస్ పాట ‘షూ బాక్స్’ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, హుషారుగా సాగిపోతుంది. ఒక్క మాట. ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’ చూసి ఉంటే దాని టైటిల్ సాంగ్ గుర్తుందిగా, గుక్క తిప్పుకోకుండా విశ్వం పుట్టుక చెప్పేస్తారు. అది పాడింది వీళ్ళే, 2007లో. ఒకసారి వింటే ఆ గొంతుల పోలిక దొరికిపోతుంది.

జోనీ మిచెల్ ‘బిగ్ యెల్లో టాక్సీ’ 1970 నాటి పాట. మీ సీడీలో ఉన్నది దానికి కొత్త డ్రమ్స్ తగిలించి చేసిన రీమిక్స్. నిజం చెప్పాలంటే ఆ రీమిక్స్ నాకు నచ్చదు. చేతిలో ఉన్నదాని విలువ అది పోయాకే తెలుస్తుందని చెప్పే పాటకి ఆ హడావుడి అక్కర్లేదు. దాని బదులు 1970 నాటి అసలు పాట వెతుక్కుని వినండి, గిటార్ ఒక్కటే దాన్ని మోస్తుంది. కె.డి. ల్యాంగ్ గొప్ప గాయని, కానీ ఆవిడ పాట కూడా ఈ వరసలో నాకు ఇమడలేదు. ఇవి నచ్చకపోతే నచ్చలేదనుకోండి. పదమూడు పాటల్లో మూడు మీవైతే ఆ సీడీ మీదైనట్టే.

ఇప్పుడు అసలు పాట దగ్గరికి వద్దాం. టైటిల్ సాంగ్ ‘ఐ విల్ బీ దేర్ ఫర్ యూ’ మీ సీడీలో రెండుసార్లు ఉంది. మొదటి పాటగా టీవీలో వచ్చే చిన్న ముక్క, చివరి పాటగా పూర్తి నిడివి. సగంలో ఆపేశానన్నారు కాబట్టి ఆ చివరిది మీరు ఈ సీడీలో వినలేదన్నమాట. నా మనసుకి ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే విలువైనది అదే.

మొదట్లో ఉన్నది ఆ చిన్న ముక్క ఒక్కటే, ఒక నిమిషం కూడా లేదు. బాణీ కట్టింది మైకెల్ స్క్లాఫ్. మీరు వెతికిన సీన్ల మధ్య గిటార్ ముక్కల సంగీతమూ ఆయనదే. మాటలు రాసినవాళ్ళలో షో సృష్టికర్తలు డేవిడ్ క్రేన్, మార్తా కాఫ్‌మన్‌తో పాటు ఆలీ విల్లిస్ ఉన్నారు. ‘సెప్టెంబర్’ అనే ప్రసిద్ధమైన డ్యాన్స్ పాట రాసినవాళ్ళలో ఆవిడ కూడా ఒకరు. పాడింది రెంబ్రాంట్స్ అనే ఇద్దరు సభ్యుల బ్యాండ్, డానీ వైల్డ్, ఫిల్ సోలెమ్. షో హిట్టయ్యాక జనం రేడియో స్టేషన్లకి ఫోన్లు చేసి ఆ పాట వేయమని అడగడం మొదలుపెట్టారు. వేయడానికి పూర్తి పాట అంటూ ఒకటి ఉంటేగా. నాష్‌విల్‌లో ఒక స్టేషన్ వాళ్ళు ఆ చిన్న ముక్కనే అతికి అతికి మూడు నిమిషాల పాటగా చేసి ప్రసారం చేశారు. దానికి వచ్చిన స్పందన చూశాక, రెంబ్రాంట్స్ కొత్త చరణం, మధ్యలో ఇంకో భాగం కలిపి పూర్తి పాట రికార్డు చేశారు. అప్పటికే దాదాపు సిద్ధమైపోయిన వాళ్ళ ఆల్బమ్‌లో ఆఖరి నిమిషంలో చేర్చారు. కవర్ మీది పాటల పట్టికలో దాని పేరు కూడా లేదు. 1995లో అది అమెరికా రేడియో చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది.

ఆ కొత్తగా కలిపిన భాగం గురించే మీకు చెప్పాలి. టీవీలో మనం వినే మొదటి చరణం ఏమంటుంది? బతుకు ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, ఉద్యోగం చూస్తే నవ్వులాట, చేతిలో డబ్బు లేదు, ప్రేమ సంగతి సరేసరి. తెర మీద వాళ్ళు ఫౌంటెన్‌లో గంతులేస్తుంటే ఈ మాటలు మనకి చెవిన పడవు. పూర్తి పాటలో రెండో చరణం ఇంకొంచెం లోతుకి దిగుతుంది. ఎనిమిదింటికి పనిలో ఉండాల్సిన మనిషి పదింటికి ఇంకా మంచం మీదే ఉంటాడు. ఇలాంటి రోజులు వస్తాయని అమ్మ ముందే హెచ్చరించింది, కానీ లోకం మోకాళ్ళ మీద కూలేసే రోజు కూడా ఉంటుందని చెప్పలేదు. ఆ తర్వాత తాళం నెమ్మదించిన చోట ఒక మాట వస్తుంది: నన్నెవరూ తెలుసుకోలేరు, నేను ఎవరి కంటికీ ఆనను, నాలా ఉండటం ఎలా ఉంటుందో తెలిసింది నీ ఒక్కరికే అనిపిస్తుంది.

పదేళ్ళు ప్రతి వారం ఆ పాట వినబడినా ఈ మాటలు షో టైటిల్స్‌లో ఒక్కసారీ రాలేదు. ఆరుగురు స్నేహితుల సందడిగా మనం ఎరిగిన పాట లోపల, ఒంటరిగా ఉన్న ఒక మనిషి ఇంకొక్క మనిషితో మాట్లాడుతున్నాడు. ఇది మొదటిసారి శ్రద్ధగా విన్నరోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. షోలో అంత నవ్వు ఎందుకు అవసరమైందో ఆ రోజు అర్థమైంది. మీరు కూడా ముందు అది వినండి. సీడీని మొదటి నుంచి పెట్టాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. పదమూడోది విని, అక్కడి నుంచి వెనక్కి రండి.

ఇక డైలాగులు. వాటి మీద మీ చిరాకు నాకు అర్థమైంది. ‘ఫ్రెండ్స్’ని జనం ముందు షూట్ చేసేవారు, ఆ నవ్వుల్లో చాలా భాగం స్టూడియోలో కూర్చున్నవాళ్ళవే. వాళ్ళు నవ్వింది మాటకి మాత్రమే కాదు, రాస్ మొహం చూసి, జోయీ నిలబడిన తీరు చూసి. సీడీలో ఆ మొహం లేదు, నవ్వు మిగిలింది. అందుకే మీకు ఖాళీ ఇల్లు గుర్తొచ్చింది. చాలా సరిగ్గా చెప్పారు ఆ మాట.

కానీ 1995లో ఈ సీడీ కొన్న మనిషి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. షో వారానికి ఒక్కరోజు, గురువారం రాత్రి వచ్చేది. ఇంట్లో టేప్ చేసుకుంటే తప్ప, నచ్చిన మాట మళ్ళీ వినాలంటే పునఃప్రసారం దాకా ఆగాలి. మనలాగా వేలితో వెనక్కి జరుపుకునే వీలు వాళ్ళకి లేదు. అలాంటివాళ్ళకి ఆ డైలాగులు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినగలిగిన నాలుగు మాటలు. షోలోంచి వాళ్ళ చేతికి దొరికింది అంతే. నేను ఇప్పుడు వాటిని ఆ కాలం మనిషి చెవితో వింటాను, చిరాకు రాదు. మీకు అలా కుదరకపోతే ఇంకో పని ఉంది. ఒక్కో డైలాగు రాగానే అది ఏ ఎపిసోడ్‌లోదో, ఎవరు ఎక్కడ నిలబడి అన్నారో గుర్తు తెచ్చుకోండి. మీరిద్దరూ అన్నిసార్లు చూశారు కాబట్టి ఇది మీకు నిమిషాల్లో పని. లేని బొమ్మని మీరే వేసుకుంటారు. ఒక్క మాట మాత్రం. చాండ్లర్‌గా వేసిన మాథ్యూ పెర్రీ 2023 అక్టోబర్ 28న చనిపోయారు. అప్పటి నుంచి ఆ గొంతు ఎక్కడ విన్నా కొందరికి మనసు బరువెక్కుతోంది. మీరూ అలాంటివారైతే ఆ ముక్కలు వచ్చినప్పుడు ముందుకి జరిపేయండి, అందులో తప్పేమీ లేదు.

గిటార్ ముక్కల విషయంలో మాత్రం మీ ఫిర్యాదు న్యాయమైనదే. ఈ సీడీ పాటల సీడీ, నేపథ్య సంగీతానికి ఇందులో చోటివ్వలేదు. ఆ తరహా ఆల్బమ్ ఎలా ఉంటుందో వినాలనుంటే ‘సైన్‌ఫెల్డ్’ అనే ఇంకో అమెరికన్ కామెడీ షోది దొరుకుతుంది. 1998లో ముగిసిన షోకి 2021లో సౌండ్‌ట్రాక్ వచ్చింది, 33 ట్రాకులు. నాలుకతో కొట్టిన టక్కుటక్కులు, కీబోర్డు మీద వాయించిన బేస్ గిటార్ శబ్దం కలిపి జొనాథన్ వోల్ఫ్ ఆ సంగీతం చేశారు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో షో హీరో జెర్రీ మాట్లాడే వేగాన్ని బట్టి, ఎక్కడ ఆగుతాడో చూసి, టైటిల్ సంగీతాన్ని మళ్ళీ మళ్ళీ కొత్తగా అమర్చేవారట. ఒక హాస్యగాడి మాటకి తాళం వేసినట్టే. ‘మిస్టర్ బీన్’ టైటిల్ గుర్తుందా? చర్చిలో పాడినట్టు ఒక బృందగానం వస్తుంది. అది నిజంగానే లండన్‌లోని సదర్క్ కెథెడ్రల్ గాయక బృందం లాటిన్‌లో పాడింది. సంగీతం హోవర్డ్ గుడాల్‌ది, అర్థం ‘చిక్కుడుగింజ అయిన ఈ మనిషిని చూడండి’ అని. వాళ్ళు నవ్వకుండా, ప్రార్థన పాడినంత శ్రద్ధగా పాడతారు. కామెడీలకి సంగీతం చేసినవాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది ఇలాంటివి విన్నాకే. నవ్వించే భారం నటులకి వదిలేసి, వాళ్ళు తమ పని మనసు పెట్టి చేస్తారు. బొమ్మ తీసేసినా ఆ సంగీతం నిలబడుతోందంటే కారణం అదే.

వినే పద్ధతి గురించి రెండు మాటలు. సీడీని ఎదురుగా పెట్టుకుని, నచ్చుతుందా లేదా అని పరీక్ష రాస్తున్నట్టు కూర్చోకండి. బట్టలు మడతపెట్టేటప్పుడో, ఇల్లు సర్దేటప్పుడో తక్కువ శబ్దంతో పెట్టి వదిలేయండి. రేడియోలా వినమన్నాను కదా, రేడియోని ఎవరూ కళ్ళార్పకుండా చూస్తూ వినరు. నాలుగైదు రోజులయ్యాక ఏదో ఒక పాట దగ్గర మీ చెయ్యి పనిలో ఆగుతుంది. ఆ పాట ఏదో చూసుకుని, అప్పుడు కూర్చుని వినండి. అది నేను చెప్పినవాటిలో ఒకటి కాకపోవచ్చు, పాల్ వెస్టర్‌బర్గ్ పాడిన రెండిట్లో ఒకటి కూడా అయ్యుండొచ్చు. షో చూస్తూ మాత్రం వినకండి. కొన్నాళ్ళు రెండిటినీ వేరుగా ఉంచితేనే పాటకి దాని చోటు దొరుకుతుంది.

మీ తమ్ముడి విషయానికి వస్తున్నాను. ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది ఇదేనని నాకు అనిపించింది. వాడికి నిజం చెప్పేయండి. పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. “ఒరేయ్, మొదటిసారి పెట్టినప్పుడు నాకు ఎక్కలేదురా, నువ్వు అంత కష్టపడి పంపావని బాగుందనేశాను. ఇప్పుడు మళ్ళీ వింటున్నాను” అనండి చాలు. వాడు పాత సీడీ వెతికి పంపింది మీ చేత మెచ్చుకోలు వినడానికని నేను అనుకోను. రోజూ “ఎలా ఉంది” అని అడగడంలో ఇంకొకటి ఉంది. మునుపు ఎపిసోడ్ అయ్యాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు కదా, ఆ మాటల కోసం అడుగుతున్నాడు. “సూపర్” అన్న ఒక్క మాటతో ఆ సంభాషణ ముగిసిపోతోంది. “స్మెల్లీ క్యాట్ ఎందుకు లేదురా ఇందులో?” అని అడిగి ఉంటే అరగంట మాట్లాడుకునేవాళ్ళు.

ఇంకో సంగతి, వాడు ఆ సీడీ మొత్తం విన్నాడా? దొరికిన వెంటనే మీకు పంపేసి ఉంటే, ఈ పాటలు వాడికీ తెలియవు. అడిగి చూడండి. వినకపోతే పాటల పేర్లు రాసి పంపండి, విడివిడిగా వెతుక్కుని వాడూ వింటాడు. వారానికి ఒక పాట చొప్పున ఇద్దరూ విని ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటే, పదమూడు పాటలకి మూడు నెలలు పడుతుంది. అన్ని వారాలు మాట్లాడుకోవడానికి ఆ సీడీలో సరిపడా సరుకు ఉంది.

మొదటి ఆదివారం చివరి పాటతో మొదలుపెట్టండి, ఫోన్ స్పీకర్‌లో ఉంచి, ఇద్దరూ ఒకేసారి వినేలా. మొదటి లైను అవగానే వచ్చే ఆ నాలుగు చప్పట్లు ఎక్కడ కొట్టాలో మీ ఇద్దరికీ నేను చెప్పక్కర్లేదు.